అమ్మ ఎక్కనన్న ఫ్యాన్ విమానం

నవంబరు వానలు పట్టుకున్నాయి. పొద్దున సబ్‌స్టేషన్‌కు వచ్చేసరికి రాత్రి డ్యూటీ ఆయన లాగ్‌బుక్ తెరిచిపెట్టుకుని నా కోసం చూస్తున్నాడు. రాత్రి గాలికి రెండు ఫీడర్లు, అంటే ఇక్కడి నుంచి ఊళ్లకు కరెంటు తీసుకుపోయే లైన్లు, ట్రిప్ అయ్యాయట. ఒకటి మళ్లీ వేస్తే నిలబడింది, ఇంకోటి నిలబడలేదు. దేన్ని ఎందుకు ఆపి ఉంచాడో, ఎవరికి ఎల్‌సీ (లైన్ క్లియర్, కరెంటు ఆపాం, పని చేసుకోవచ్చన్న అనుమతి) ఇచ్చాడో, ఏది ఇంకా రిటర్న్ కాలేదో అన్నీ నోటితో చెప్పి, రాసింది చూపించి, నా చేత సంతకం పెట్టించుకుని బండి తీశాడు. బుచ్చి నుంచి ఆయన ఊరికి వానలో పోవాలి. ఎంత తొందరున్నా ఈ ఒక్క పని మాత్రం తొందరగా చెయ్యడు.

పదింటికి అమ్మ ఫోను. చెల్లికి రెండో కాన్పు, హైదరాబాద్‌లోనే చూపించుకుంటోంది కాబట్టి అమ్మే వెళ్లాలి. మోకాళ్ల నొప్పులతో రాత్రంతా బస్సులో కూర్చోలేదని చెల్లి రేణిగుంట నుంచి విమానం టికెట్ బుక్ చేసింది. నిన్నటిదాకా సంబరపడింది. పొద్దున ఎదురింటి పిల్లోడు ఫోన్‌లో ఏదో వీడియో చూపించాడంట.

"నేను దాంట్లో ఎక్కను రా నాయనా. అది ఫ్యాన్ల విమానమంట. అట్టాంటిదే గిరగిరా తిరిగి ఇళ్ల మీద పడింది, చూసినా. నేను బస్సులోనే పోతా."

ఏ వీడియో అని అడగక్కర్లేదు, నేనూ చూశాను. 2024 ఆగస్టు 9న బ్రెజిల్‌లో పడిన ఏటీఆర్ 72 రకం ఫ్యాన్ విమానం అది. కస్కవెల్ నుంచి సావో పాలో వైపు వస్తూ విన్యేదో అనే ఊళ్లో ఇళ్ల మధ్య పడిపోయింది. 62 మందిలో ఒక్కరూ మిగల్లేదు. వీడియోలో విమానం ముందుకు పోవడమే లేదు. బల్లపరుపుగా ఉండి, ఉన్నచోటే తిరుగుతూ నేలకు దిగిపోతుంది. అది చూసినవాళ్లకు ఫ్యాన్ విమానం ఎక్కాలంటే కాళ్లు రావు. అమ్మను తప్పు పట్టలేను. సాయంత్రం ఇంటికొచ్చి మాట్లాడతానన్నాను.

ఈ చిన్న విమానాల ప్రమాదాల గురించి చాలాకాలంగా చదువుతున్నాను. ఎందుకంటే అక్కడ జరిగేవి మా పనిలో జరిగేవాటికి చాలా దగ్గర. ఒక ప్రమాదం జరిగాక మూడో రోజుకల్లా "పైలట్ తప్పు" అని పేపర్లో వస్తుంది, జనం అక్కడితో వదిలేస్తారు. మా దగ్గర షాక్ కొట్టి లైన్‌మన్ పోయినా అంతే, "వాడి తప్పే" అంటారు. ఆ మాట దగ్గర ఆగిపోతే ఇంకో మనిషి అదే స్తంభం మీద పోతాడు. ఇది నాకు చాలా కోపం తెప్పించే సంగతి.

ముందు అమ్మ భయం గురించి. ఫ్యాన్ ఉందంటే పాతకాలపు విమానమని ఆమె అనుకుంటోంది. అది నిజం కాదు. లోపల ఉండేది జెట్ విమానంలో ఉండేలాంటి టర్బైన్ ఇంజినే, అది గేర్‌బాక్స్ ద్వారా ప్రొపెల్లర్‌ను తిప్పుతుంది. దగ్గరి ఊళ్లకు ఆయిల్ తక్కువ తాగుతుంది, చిన్న రన్‌వే చాలు. కడప, కర్నూలు లాంటి చోట్లకు ఏటీఆర్ 72లు తిరిగేది అందుకే. మా నెల్లూరు జిల్లాలో దగదర్తి విమానాశ్రయం ఎప్పటికైనా పూర్తయితే మనకు ముందుగా వచ్చేవీ బహుశా ఇవే.

దీనికి ఉన్న అసలు ఇబ్బంది ఎత్తు. పెద్ద జెట్‌లు 35 వేల అడుగుల దాకా ఎక్కి మబ్బుల పైన పోతాయి. ఏటీఆర్ 25 వేల అడుగులు మించి పోదు, ఎక్కువసేపు మబ్బులుండే ఎత్తులోనే ఉంటుంది. చలిదేశాల్లో ఆ మబ్బుల్లో నీళ్లు రెక్కకు తగలగానే గడ్డకడతాయి. మంచు పట్టిన రెక్క ఆకారం మారుతుంది, మోయాల్సిన బరువు మోయలేదు. రెక్క ముందు అంచుకు రబ్బరు తొడుగులుంటాయి. అవి గాలితో ఉబ్బి ఆ మంచును పగలగొడతాయి. 1994 అక్టోబరు 31న అమెరికాలో ఇండియానాపొలిస్ నుంచి షికాగో పోతున్న ఏటీఆర్ 72ను ట్రాఫిక్ కారణంగా గాల్లోనే చుట్లు తిరుగుతూ ఆగమన్నారు. అక్కడ పడుతున్న చినుకులు మామూలు కంటే పెద్దవి. అవి తొడుగు దాటి వెనక్కి పారి, తొడుగు అందుకోలేని చోట గట్టులా గడ్డకట్టాయి. ఉన్నట్టుండి విమానం పక్కకు ఒరిగిపోయింది, పైలట్లు తిప్పుకోలేకపోయారు. రోజ్‌లాన్ దగ్గర సోయాబీన్ చేలో పడి 68 మంది పోయారు. ఆ తర్వాతే తొడుగులు వెడల్పు చేశారు, ఆ విమానం నడిపిన కంపెనీ తన ఏటీఆర్‌లను వెచ్చని దక్షిణ ప్రాంతాలకు మార్చేసింది. బ్రెజిల్ ప్రమాదం మీద ప్రాథమిక నివేదికలో కూడా కాక్‌పిట్‌లో మంచు హెచ్చరికలు వచ్చినట్టు ఉంది.

మన వైపు గాలి సున్నా డిగ్రీలకు చేరేది దాదాపు 16 వేల అడుగుల పైన. మంచు పట్టినా కాస్త కిందికి దిగితే వెచ్చటి గాలి తగిలి కరిగిపోతుంది. ఉరుముల మబ్బులకు దూరంగా పోవాలన్నది ఎలాగూ ఉంది. అమ్మకు ఇది చెప్పడం తేలికే.

నాకు మనసులో తిరిగేవి మాత్రం వేరే.

మధ్యాహ్నం రెండు దాటాక లైన్‌మన్ ఫోన్ చేశాడు. "అన్నా, మూడో నంబరు ఫీడర్ మీద చెట్టు కొమ్మ పడింది, ఎల్‌సీ కావాల." నేను "మూడా?" అన్నాను. "మూడేనన్నా" అన్నాడు. నేను మళ్లీ "మూడో నంబరు ఫీడర్, కొమ్మ తీసేదానికి" అని చదివినట్టు చెప్పి, అతని చేత ఔననిపించుకుని, బ్రేకర్ తీసి, స్తంభం మీద లైనును విడదీసే ఏబీ స్విచ్ దగ్గరికి వానలో నడిచాను. రెండో నంబరు, మూడో నంబరు స్విచ్‌లు పక్కపక్కనే ఉంటాయి. స్తంభాల మీద పెయింటు వెలిసిపోయి నంబర్లు సరిగ్గా కనబడవు. హ్యాండిల్ పట్టుకుని ఒకసారి పైకి చూసి తీగ ఎటు పోతోందో సరిచూసుకున్నాను. అప్పుడు తైవాన్‌లో తైపీ ప్రమాదం గుర్తొచ్చింది.

2015 ఫిబ్రవరి 4. ట్రాన్స్ఏషియా కంపెనీ ఏటీఆర్ 72-600 తైపీలో ఎగిరిన కాసేపటికే కుడివైపు, అంటే రెండో ఇంజిన్‌కు హెచ్చరిక మోగింది. నిజానికి ఆ ఇంజిన్ ఆగలేదు. ఇంజిన్ ఆగినప్పుడు ప్రొపెల్లర్ రెక్కలను గాలికి అంచుగా తిప్పే పరికరం ఒకటుంటుంది, దాన్ని ఫెదర్ చేయడం అంటారు. ఆ పరికరంలో ఒక సోల్డరింగ్ అతుకు సరిగ్గా లేక, అవసరం లేకుండానే ఫెదర్ చేసేసింది. ఒక ఇంజిన్‌తో ఏటీఆర్ హాయిగా ఎగరగలదు. కానీ కెప్టెన్ ఎడమవైపు, బాగా పనిచేస్తున్న మొదటి ఇంజిన్‌ను తగ్గించి ఆపేశాడు. తప్పు వైపు లాగానని చివర్లో ఆయనే అనుకున్నాడు, అప్పటికి ఎత్తు లేదు. విమానం ఫ్లైఓవర్ మీద పోతున్న టాక్సీకి రెక్క తగిలించుకుంటూ కీలుంగ్ నదిలో పడింది. 58 మందిలో 43 మంది పోయారు. ఎగిరిన మూడు నిమిషాల్లోపే ఇదంతా.

ఇంజిన్ ఆపేముందు ఏ ఇంజినో ఇద్దరూ పైకి చెప్పుకుని, ఇద్దరూ చూసి, అప్పుడు ఆపాలి. అదే నియమం. ఆ రోజు అది జరగలేదు. ఆ కెప్టెన్ అంతకుముందు సిమ్యులేటర్ పరీక్షలో ఇంజిన్ పోయినప్పుడు చేయాల్సిన పనుల్లో తడబడి ఫెయిలయ్యాడు, మళ్లీ పరీక్ష పెట్టి పాస్ చేశారు. అంటే ఆ తప్పు నది మీద పుట్టలేదు. గదిలో, కాగితం మీద ముందే ఉంది.

నేపాల్‌లో పోఖరా ప్రమాదం తలుచుకుంటే ఇంకా కష్టంగా ఉంటుంది నాకు. 2023 జనవరి 15, ఆకాశం నిర్మలంగా ఉంది, కొత్త విమానాశ్రయం తెరిచి రెండు వారాలే. కాఠ్మండు నుంచి వచ్చిన యెతి ఎయిర్‌లైన్స్ ఏటీఆర్ దిగబోతోంది. నడుపుతున్న పైలట్‌కు ఆ చోటు అలవాటు చేయించడానికి పక్క సీట్లో శిక్షకుడు ఉన్నాడు. ఫ్లాప్స్ (దిగేటప్పుడు రెక్క వెనక అంచున దించే పలకలు) మార్చాల్సిన సమయంలో ఆయన ఆ లివర్ బదులు దాని దగ్గరే ఉన్న ప్రొపెల్లర్ లివర్లు రెండూ జరిపాడు. రెండు ఫ్యాన్లూ ఫెదర్ అయిపోయాయి. ఇంజిన్లు తిరుగుతూనే ఉన్నాయి, విమానాన్ని లాగే శక్తి మాత్రం లేదు. పవర్ రావడం లేదని నడుపుతున్నావిడ అంటూనే ఉంది, కారణం ఎవరికీ తట్టలేదు. సేతి నది లోయలో 72 మంది పోయారు, వాళ్లలో మన దేశం వాళ్లు ఐదుగురు. ఆవిడ భర్త కూడా పైలట్. 2006లో అదే కంపెనీ చిన్న విమానం కూలి పోయాడు. ఆయన పోయాకే ఆవిడ ఈ ఉద్యోగంలోకి వచ్చింది.

ఆ శిక్షకుడిది ఎంతో అనుభవం ఉన్న చెయ్యి. అయినా పక్క లివర్ మీద పడింది. కొత్త చోటు, ఒకదాని మీద ఒకటి పనులు, చెయ్యి అలవాటు కొద్దీ పోయింది, కన్ను దాని వెంట పోలేదు. నేను ఆయన్ని తిట్టలేను.

డ్యూటీ మార్పిడి వల్ల పోయిన విమానం కూడా ఉంది. 1991 సెప్టెంబరు 11, టెక్సాస్‌లో ఈగిల్ లేక్ దగ్గర ఎంబ్రాయర్ విమానం గాల్లోనే విరిగి 14 మంది పోయారు. ముందు రాత్రి మెకానిక్‌లు తోక రెక్క మీది స్క్రూలు 47 విప్పారు. షిఫ్ట్ మారింది. విప్పిన సంగతి సరిగ్గా రాయలేదు, తర్వాతి వాళ్లకు చేరలేదు. విమానం అలాగే పొద్దున బయటికి వచ్చింది. ఈ ప్రమాదం గురించి చదివినప్పటి నుంచి మా రాత్రి డ్యూటీ ఆయన మెల్లగా పేజీ తిప్పుతుంటే నేనూ ఓపిగ్గా నిలబడతాను. 2005లో సిసిలీ దగ్గర సముద్రంలో దిగిన ట్యునీషియా ఏటీఆర్ 72కు ఏటీఆర్ 42 ఆయిల్ మీటర్ బిగించారు. చూడటానికి ఒకేలా ఉంటుంది, చక్కగా పట్టింది కూడా. ట్యాంకులో లేని ఆయిల్ ఉన్నట్టు చూపించింది. 39 మందిలో 16 మంది పోయారు.

సాయంత్రం ఇంటికి పోయి అమ్మకు ఇవన్నీ చెప్పలేదు గానీ, దాచలేదు కూడా. తైపీ సంగతి చెప్పాను. విని కాసేపాగి, "పక్కన ఇంకో ఆయన ఉంటాడు కదరా, ఆయన చెప్పడా?" అంది.

నేను చెప్పాలనుకున్నది మొత్తం ఆమె ఆ ఒక్క మాటలో అడిగేసింది. "చెప్పాలమ్మా. చెప్పేలా నేర్పాలి, ఎంత పెద్దాయనైనా వినేలా కూడా నేర్పాలి. నిద్ర లేకుండా వచ్చినవాళ్లు చెప్పలేరు, అందుకని నిద్ర కూడా పోనివ్వాలి" అన్నాను. 2009లో అమెరికాలో బఫెలో దగ్గర కూలిన డాష్ 8 అనే ఫ్యాన్ విమానం గురించి చెప్పాను. విమానం వేగం పడిపోతోందని హెచ్చరిక వస్తే ముక్కు దించాల్సింది పోయి కెప్టెన్ పైకి లాగాడు. కో-పైలట్ రాత్రంతా సియాటిల్ నుంచి ప్రయాణం చేసి డ్యూటీకి వచ్చిన పిల్ల. 50 మంది పోయారు. పోయినవాళ్ల కుటుంబాలు ఊరుకోలేదు. వాషింగ్టన్ చుట్టూ తిరిగి, పైలట్ల అనుభవం మీద, విశ్రాంతి మీద 2010లో చట్టం తెచ్చుకున్నారు. బిడ్డల్ని పోగొట్టుకున్న తల్లిదండ్రులు తమకు ఇక ఉపయోగపడని చట్టం కోసం అంత తిరిగారని చెప్తుంటే అమ్మ కళ్లు తుడుచుకుంది.

"సరే, పోతాలే" అంది చివరికి. "కిటికీ పక్కన మాత్రం వద్దని చెల్లికి చెప్పు." నాయుడుపేట, శ్రీకాళహస్తి మీదుగా రేణిగుంట దాకా నేనే కారులో తీసుకుపోతానన్నాను.

రాత్రి భోజనాలయ్యాక మా ఏఈ (అసిస్టెంట్ ఇంజినీరు) గారికి మెసేజ్ పెట్టాను. రెండు, మూడు నంబర్ల ఏబీ స్విచ్‌ల స్తంభాలకు పసుపు రంగు మీద నల్లటి పెద్ద అంకెలు రాయించాలని, వాన తెరిపివ్వగానే పెయింటర్‌ను పంపించమని. లైన్‌మన్ పేరు కూడా రాశాను, అతనూ ఇదే అడుగుతున్నాడని.