మిరప తొడిమలు, ప్లాటినం తీగ

గుంటూరు మిర్చి యార్డు దగ్గర తొడిమలు తీసే ఆడవాళ్లు, ఖాళీ గోనెసంచితో వచ్చిన నన్ను చూసి నవ్వారు. "కాయలొదిలేసి తొడాలు పట్టుకెళ్తావేంటి బాబూ?" హైడ్రోజన్ సంగతి ఏం చెప్తాను! "కాలేజీ పనికి పిన్నిగారూ" అన్నాను.

కరెంటుతో నీటిని విడగొట్టి హైడ్రోజన్ తీయడానికి ప్లాటినమంత మంచి ఉత్ప్రేరకం లేదు. చిక్కల్లా ధరతోనే. మాలిబ్డినం కార్బైడ్ చౌకలో కొంతవరకు ఆ పని చేస్తుంది. దానిక్కావాల్సిన కార్బన్ తొడిమల్లోంచి తీద్దామనుకున్నాను. నిజానికి అందులో కార్బన్ ఖర్చెంతని? గైడ్ గారిని ఒప్పించడానికి మాత్రం మిరప బాగా పనికొచ్చింది.

తొడిమల్ని కడిగి, ఎండబెట్టి, మిక్సీ పట్టాను. ఆ రోజు ల్యాబంతా తుమ్ములే. ఆ పొడిని అమ్మోనియం మాలిబ్డేట్ నీళ్లలో నానబెట్టి, ఆరాక ఆర్గాన్‌లో 800 డిగ్రీల దగ్గర కాల్చాలి. మే నెల. మధ్యలో కరెంటు పోయి రెండు బ్యాచ్‌లు పోయాయి. మూడోసారికి నల్లటి పొడి చేతికొచ్చింది, ఓ అర చెంచా.

దాన్ని ఎలక్ట్రోడ్ మీద పూతగా పూసి, పలుచటి సల్ఫ్యూరిక్ యాసిడ్‌లో టెస్ట్ పెట్టాను. చదరపు సెంటీమీటరుకు 10 మిల్లీ ఆంపియర్లు రావడానికి మొదట 210 మిల్లీవోల్టులు అదనంగా కావాల్సి వచ్చింది. ఇదెంత తక్కువైతే ఉత్ప్రేరకం అంత మంచిదన్నమాట. వోల్టేజీని పెంచుతూ తగ్గిస్తూ తిప్పే సైకిల్స్ నడిచేకొద్దీ అది తగ్గుతూ తగ్గుతూ రాత్రికి 90కి దిగింది. పొద్దున్నే స్వీట్లు కొనుక్కొచ్చాను.

సీనియర్ అక్క డబ్బాలోంచి ఒకటి తీసుకుని గ్రాఫ్ చూసింది. "కౌంటర్ ఎలక్ట్రోడ్ ఏం పెట్టావురా?"

"ప్లాటినం తీగ అక్కా."

తీసుకున్న స్వీటు మళ్లీ డబ్బాలో పెట్టేసింది.

కరెంటు వలయం పూర్తవ్వడానికి అవతల పెట్టిన ఆ తీగలోంచి ప్లాటినం రవ్వంత యాసిడ్‌లో కరిగి, నా పొడి మీదికొచ్చి పేరుకుంటుందట. అంత కొంచెం చాలు. అంటే రాత్రంతా నేను మురిసిపోయింది తొడిమల్ని చూసి కాదు, ఏ ప్లాటినాన్ని వద్దనుకున్నానో దాన్నే చూసి.

కొత్తగా పూత పూసి, తీగ బదులు గ్రాఫైట్ కడ్డీ పెట్టాను. 210 దగ్గర మొదలై, తెల్లారేసరికి 225. టెన్షన్ పడుతూనే గైడ్ గారికి చూపించాను. ఆయన కాసేపు చూసి, "పాత గ్రాఫ్ తీసెయ్యకు, రెండూ పక్కపక్కనే వెయ్యి" అన్నారు.

ఆ సాయంత్రం అక్కకి మళ్లీ స్వీటు ఇచ్చాను. ఈసారి తినేసింది.