క్లచ్ తొక్కే గిటారు

మా నాన్న పక్క సీట్లో కూర్చుంటే నేనింకా డ్రైవింగ్ టెస్టులోనే ఉన్నట్టుంటుంది. 31 ఏళ్ళు ఆర్టీసీ బస్సు నడిపిన మనిషి. ముందు బండికి బ్రేకు లైటు వెలగకముందే ఆయన కుడికాలు కింద మ్యాట్‌ని తొక్కేస్తుంది. ఎడమకాలు లేని క్లచ్ కోసం వెతుక్కుంటుంది. డాలస్ పక్కన ఇర్వింగ్‌లో మా ఇంటికొచ్చి మూడు వారాలైనా మాల్స్ నచ్చలేదు, పార్కులు నచ్చలేదు. "ఎటైనా లాంగ్ తీసుకెళ్ళవే" అన్నాడు చివరికి.

నాకు ఈ దేశంలో లాంగ్ డ్రైవ్ అంటే కంట్రీ మ్యూజిక్కే. పాత పద్ధతిది. ఫిడేలు, స్టీల్ గిటారు, తీరిగ్గా కథ చెప్పే గొంతు. ఇప్పుడు రేడియోలో ఆ పేరుతో వచ్చేవాటిలో సగం పాటలకి ట్రక్కు, బీరు, శుక్రవారం రాత్రి తప్ప వేరే విషయం ఉండదు. పాప్ పాటకి టోపీ పెట్టి పంపినట్టుంటాయి. వాటిని నేను లెక్కలోకి తీసుకోను. శనివారం మధ్యాహ్నానికి పాటగాళ్ళు చేరే లూకెన్‌బాక్, రాత్రికి గ్రీన్ హాల్ అనే పాత డ్యాన్స్ హాలు, ఆదివారం వెనక్కి అని ప్లాన్ వేశాను. నాన్నకి మాత్రం "పాటలు వినడానికి" అని చెప్పలేదు, "సుమారు 250 మైళ్ళు" అని చెప్పాను. పొద్దున్న ఐదింటికే స్నానం చేసి కూర్చున్నాడు.

ఐ-35 హైవే ఎక్కి గంట కాకముందే ఎల్లిస్ కౌంటీ వస్తుంది. పాతకాలం కంట్రీ గాయకుడు ఎర్నెస్ట్ టబ్ 1914లో పుట్టింది ఇక్కడే. ఆయన గిటారు వెనక పెద్ద అక్షరాలతో "థాంక్స్" అని రాసి ఉండేది. పాట అయిపోగానే గిటారు తిప్పి జనానికి చూపించేవాడు. ఈ సంగతి చెబితే నాన్న తలూపాడు. "లారీ వెనక రాసుకున్నట్టు" అన్నాడు. టబ్ గొంతు ఆయనకి నచ్చలేదు. జలుబు చేసినవాడిలా ఉన్నాడట. నిజమే కానీ, ఆ జలుబు గొంతే నాకిష్టం.

నాన్నని పట్టేసింది మట్టి. రోడ్డుకి రెండువైపులా దున్ని వదిలేసిన చేలు, నల్లగా, వాన పడి ఆరి పగుళ్ళిచ్చి ఉన్నాయి. "ఇది మన నల్లరేగడే కదే!" అని అద్దం దించేశాడు. ఈ నేలని ఇక్కడ బ్లాక్‌లాండ్ ప్రెయిరీ అంటారు. ఒకప్పుడు ఈ పట్టీ అంతా పత్తే. హిల్స్‌బరో దాటాక ఆబట్ అని చిన్న ఊరు. కంట్రీ గాయకుడు విల్లీ నెల్సన్ 1933లో పుట్టిన ఊరు. తాత, నాయనమ్మల దగ్గర పెరిగి, చిన్నప్పుడు ఈ చేలల్లో పత్తి తీశాడు. ఎగ్జిట్ తీసుకుని ఊళ్ళో ఓ చుట్టు తిరిగొచ్చాం. చూడటానికేమీ లేదు. నాన్న ఒకచోట ఆపించి, దిగి, చిటికెడు మట్టి వేళ్ళతో నలిపి చూసి మళ్ళీ ఎక్కాడు. చేతులు తుడుచుకోవడానికి టిష్యూ ఇస్తే వద్దన్నాడు.

తర్వాత వెస్ట్ అనే ఊళ్ళో కొలాచీలు తిన్నాం. చెక్ దేశం నుంచి వచ్చి స్థిరపడినవాళ్ళ బన్ను ఇది, మధ్యలో పళ్ళ ముద్దో చీజో ఉంటుంది. టెక్సస్ డ్యాన్స్ హాళ్ళు చాలావరకు ఈ చెక్, జర్మన్ జనం కట్టుకున్నవే. పోల్కా అనే వాళ్ళ డ్యాన్స్ పాటలూ అలాగే ఇక్కడి కంట్రీలో కలిసిపోయాయి.

వేకో దాటాక పెద్ద లారీలు వరసకట్టాయి. అప్పుడు 1963లో డేవ్ డడ్లీ హిట్ చేసిన లారీ డ్రైవర్ పాట పెట్టాను. లైను లైనుకీ తెలుగులో చెప్పాను: ఆరు రోజులుగా రోడ్డు మీదున్నాడు, ఈ రాత్రికి ఇల్లు చేరాలి, లోడు కాస్త ఎక్కువైంది, లాగ్ బుక్కు రాయడం వెనకబడింది, వేబ్రిడ్జిలు తప్పించుకుని పోతున్నాడు. నాన్న సీట్లో ఇటు తిరిగి కూర్చున్నాడు.

"ఓవర్‌లోడు సంగతి పాటలో పెట్టాడా?"

"పెట్టాడు."

"మళ్ళీ వెయ్యి."

మూడుసార్లు విన్నాం. మూడోసారి వేబ్రిడ్జి మాట ఎక్కడొస్తుందో ముందే చెప్పేశాడు. ఈ పాటలకి ఉన్న బలం అదే. గిటారు మీద మూడు కార్డ్స్ (కలిపి మోగే స్వరాలు), నాలుగు చరణాలు, తిరిగి తిరిగి వచ్చే పల్లవి. ఇంగ్లిషు రాకపోయినా కథ ఎక్కడ మలుపు తిరిగిందో వరసే చెప్పేస్తుంది. "మరి మీ బస్సుల్లో పాటలు పెట్టుకునేవాళ్ళు కాదా నాన్నా?" అని అడిగాను. "ప్రైవేటోళ్ళకి టేప్‌రికార్డర్లు ఉండేవి. మాకు ఇంజనే. నైట్ సర్వీసులో ఇంజను చప్పుడు మారితే నిద్దర్లో ఉన్నా తెలిసేది" అన్నాడు. నిద్రలో ఉన్నప్పుడు బండి ఎవరు నడిపేవారో నేను అడగలేదు.

ఆస్టిన్ ట్రాఫిక్ గురించి రాయను. తెలిసినవాళ్ళకి తెలుసు.

లూకెన్‌బాక్ ఊరు కాదు, మన పల్లెల్లో రచ్చబండంత చోటు. పాత కొట్టు, పక్కన డ్యాన్స్ హాలు, పెద్ద ఓక్ చెట్లు, కాళ్ళ మధ్య తిరిగే కోళ్ళు. జనాభా 3 అని బోర్డు. 1977లో వేలన్ జెన్నింగ్స్ ఈ ఊరి పేరుతో పాడిన పాట దేశమంతా మోగింది. పోస్టాఫీసుగా కూడా నడిచిన ఆ కొట్టు వెనక, చెట్టు కింద, గిటార్లు పట్టుకుని ఓ ఏడెనిమిది మంది గుండ్రంగా కూర్చున్నారు. స్టేజీ లేదు, మైకు లేదు. ఒకరు పాడితే మిగతావాళ్ళు కలుపుతారు, తర్వాత పక్కవాళ్ళ వంతు. మా ఊరి రామాలయంలో భజన సరిగ్గా ఇలాగే నడుస్తుంది, అక్కడా తాళం తప్పేవాడు ఒకడుంటాడు. ఇక్కడ గళ్ళ చొక్కా పెద్దాయన ఒకరు ఆ బాధ్యత తీసుకున్నారు. ఆయన్ని ఎవరూ ఏమీ అనలేదు.

రాత్రి గ్రీన్. ఇంగ్లిషు స్పెల్లింగు చూసి "గ్రూన్" అన్నానంటే పక్కవాళ్ళు సరిదిద్దుతారు. పత్తి వ్యాపారం చేసిన జర్మన్ కుటుంబం పేరది. 1920లలో పత్తికాయలు తొలిచే పురుగు పడి, ఆపైన మాంద్యం వచ్చి ఊరు ఖాళీ అయింది. 1878లో కట్టిన హాలు మాత్రం మూతపడలేదు. రేకుల కప్పు, చెక్క నేల, పక్కలకి తెరుచుకునే తలుపులు, ఏసీ లేదు. స్టేజీ చుట్టూ పాత వ్యాపార ప్రకటనల బోర్డులు. పేరు రాకముందు జార్జ్ స్ట్రెయిట్ ఇక్కడే ఏళ్ళ తరబడి పాడాడు.

బ్యాండు మొదలవగానే జంటలు నేల మీదికి వచ్చాయి. టూ-స్టెప్పు అంటే ఇద్దరూ పట్టుకుని హాలు చుట్టూ తిరగడమే, బూట్లు నేలని వదలకుండా జారుతుంటాయి. అందరూ ఒకే దిక్కుకి తిరుగుతారు. నాన్న కాసేపు చూసి, నా చెవి దగ్గరికొచ్చి "వీళ్ళేంటే, అప్రదక్షిణంగా తిరుగుతున్నారు" అన్నాడు. నేను పదేళ్ళుగా చూస్తున్నా, ఒక్కసారీ తట్టలేదు.

కాసేపటికి చూస్తే పక్కన లేడు. స్టేజీ పక్కన, స్టీల్ గిటారు వాయించే ఆయన ముందు, నడుం వంచి నిలబడ్డాడు. చేతులకేసి కాదు, కాళ్ళకేసి చూస్తున్నాడు.

పెడల్ స్టీల్ గిటారుని ఒళ్ళో పెట్టుకోరు. బల్లలా నాలుగు కాళ్ళ మీద నిలబడి ఉంటుంది. పది తీగలు. ఎడమచేతిలో ఇనుప కడ్డీ, మన గోటువాద్యంలో చెక్క ముక్కని జరిపినట్టు దాన్ని తీగల మీద జరుపుతారు. స్టీల్ గిటారు హవాయి దీవుల్లో పుట్టి ఇక్కడికొచ్చింది. కింద పెడళ్ళు తర్వాత చేరాయి; 1954లో వెబ్ పియర్స్ పాట ఒకటి హిట్టయి, అందులో బడ్ ఐజాక్స్ తొక్కిన పెడల్ చప్పుడు విని మిగతావాళ్ళంతా తమ గిటార్లకి పెడళ్ళు బిగించుకున్నారు. కడ్డీ జరిపితే తీగలన్నీ కలిసి జారతాయి. పెడల్ తొక్కితే ఒకటి రెండు తీగలే సాగుతాయి, పక్కవి కదలవు. ఆ ధ్వనిలోని ఏడుపంతా అక్కడుంది.

"మూడున్నాయే" అన్నాడు నాన్న నేను రాగానే. "ఎడమకాలు ఆ మూడింటి మీదే తిప్పుతున్నాడు. పూర్తిగా తొక్కట్లేదు చూడు, హాఫ్ క్లచ్. కుడికాలు యాక్సిలేటర్ మీంచి తియ్యట్లేదు."

కుడికాలి కింద ఉన్నది వాల్యూమ్ పెడల్. మీటిన స్వరం సన్నబడుతుంటే మెల్లగా తొక్కుతూ నిలబెడతారు. మోకాళ్ళ దగ్గర కూడా మీటలుంటాయి. నేను ఇన్నేళ్ళుగా ఆ ధ్వనికి కళ్ళు మూసుకునేదాన్ని, కాళ్ళకేసి ఎప్పుడూ చూడలేదు.

పాటల మధ్య విరామంలో ఆ స్టీల్ ప్లేయర్ కిందికి దిగబోతూ మమ్మల్ని చూసి నవ్వాడు. "మా నాన్న బస్సు డ్రైవరు, మీ కాళ్ళు చూస్తున్నాడు" అని చెప్పాను. ఆయన మళ్ళీ కూర్చున్నాడు. నాన్నని పిలిచి పెడల్ చూపించాడు. నాన్న చెప్పు విడిచి ఎడమకాలు పెట్టాడు. ఆయన కడ్డీ ఆనించి తీగ మీటాడు. నాన్న తొక్కాడు. బండి కదిలేటప్పుడు వెనక సీటు ముసలమ్మ కూడా కుదుపు లేకుండా ఎలా కూర్చునేదో అలా, ఆగకుండా, ఒకే లెక్కన. స్వరం సాగి పైకెళ్ళి నిలబడింది. అంతే నెమ్మదిగా వదిలాడు. స్టీల్ ప్లేయర్ కనుబొమలు ఎత్తి నాకేసి చూశాడు. "కాలు నొప్పి పుట్టదా అని అడుగు" అన్నాడు నాన్న. అడిగాను. ఎడమ చీలమండ, అని పట్టుకుని చూపించాడు ఆయన. నాన్న తన చీలమండ చూపించాడు.

పదింటికి బయట పార్కింగులోంచి అమ్మకి వీడియో కాల్ చేశాం. ఒంగోల్లో పొద్దున్న ఎనిమిదిన్నర, అమ్మ కాఫీ తాగుతోంది. పాటలు ఎలా ఉన్నాయని అడిగింది.

"పాటలు బాగానే ఉన్నాయి" అన్నాడు నాన్న. "ఆ గిటారాయనకే పాపం, సీటుకి వెనక ఆనుకోడానికి లేదు. ఉత్త స్టూలు. దాని మీద నాలుగ్గంటల డ్యూటీ ఎలా చేస్తాడే?"