కాళ్ల కింద ఏముంది?

పదో తరగతి సోషల్ నోట్సు నా దగ్గర ఇంకా ఉంది. పెళ్లయ్యాక నాలుగు ఊళ్లు మారాం. సర్టిఫికెట్ల ఫైలు ఒకసారి పోగొట్టుకుని, తిప్పలుపడి మళ్లీ తెచ్చుకున్నాను. ఈ నోట్సు మాత్రం ఎక్కడికి పోయినా పెట్టెలోంచి బయటపడుతూనే ఉంది. అందులో ఒక పేజీలో నేను పెన్సిలుతో వేసిన బొమ్మ, దాని కింద సోషల్ సార్ ఎర్ర సిరాతో రాసిన మూడు మాటలు ఉన్నాయి: "కాళ్ల కింద ఏముంది?"

మన పదో తరగతి బ్యాచ్ సంచికకి ఏదైనా రాయమని గ్రూపులో మెసేజ్ రాగానే నాకు ముందు ఆ పేజీయే గుర్తొచ్చింది.

1987 జనవరి, సంక్రాంతి సెలవులకు ముందు శనివారం. తిరుపతి దగ్గరి గుడిమల్లంలో పాత శివుడి గుడి చూడ్డానికి పోదామని సార్ అన్నప్పుడు మనలో ఎవరికీ పెద్ద హుషారు రాలేదు. ఎక్స్‌కర్షన్ అంటే మద్రాసు, బీచి, జూ అని కలలు కంటున్న రోజులవి. చుట్టాల పెళ్లికి పోయినప్పుడల్లా పక్కనుంచి వెళ్లే ఊరికి ఎక్స్‌కర్షన్ ఏంటి? పైగా బస్సు కూడా కాదు, ట్రాక్టరు! ట్రాలీలో వరిగడ్డి పరిచి నలభైమందికి పైగా ఎక్కించారు. ఆడపిల్లల్ని పంపమని సార్ ఒక్కో ఇంటికీ వచ్చి అడిగారు. మా నాయన అయితే "గుడికే కదా" అని ఒప్పుకున్నాడు. బీచి అని ఉంటే పంపేవాడే కాదు.

పాపానాయుడుపేటలో ట్రాక్టరు ఆగింది. అక్కడ గాజు పూసలు చేసే కొలిమి దగ్గర కరిగిన గాజుని పొడుగ్గా సన్నటి గొట్టంలా లాగుతుంటే మనం నోళ్లు తెరుచుకుని చూశాం. ఆ గొట్టాల్ని ముక్కలు కోస్తే పూసలవుతాయట. పారేసిన పూసలు గుప్పెడు ఏరుకొచ్చుకున్నాం. నిజం చెప్పాలంటే ఆ రోజు గుడికంటే అదే మాకు పెద్ద వింత.

గుడిమల్లంలో దిగగానే సార్ పెట్టిన షరతు గుర్తుందా? లోపలికి పోయి చూడాలి. చూసింది నోట్సులో రాయాలి, చేతనైతే బొమ్మ వెయ్యాలి. అందరం రాసేదాకా ఆయన నోరు విప్పరు.

పరశురామేశ్వరస్వామి గర్భగుడి నేల ముందున్న మండపం కంటే లోతుగా ఉంటుంది. అంచున నిలబడి కిందికి వంగి చూడాలి. దీపం వెలుగులో ముందు ఏమీ కనబడలేదు. కళ్లు అలవాటుపడ్డాక, ముదురు గోధుమ రంగులో నున్నగా మెరుస్తూ ఐదడుగుల లింగం. దాని ఆకారం ఎంత స్పష్టంగా ఉందంటే, ఆడపిల్లలం ఒకరి మొహం ఒకరు చూసుకోలేక తలలు దించేశాం. వెనకాల మగపిల్లలు కిసుక్కుమన్నారు. సార్ వాళ్లని కసరలేదు. తర్వాత ఆ సంగతి చెప్పినప్పుడు కూడా పటంలో నదుల గురించి చెప్పినట్టే మామూలుగా చెప్పారు. ఆ వయసులో మాతో అలా మాట్లాడిన పెద్దవాళ్లు ఇంకెవరూ లేరు.

లింగం ముందువైపు ఒక మనిషి నిలబడి ఉన్నాడు. భుజం మీద గండ్రగొడ్డలి, ఎడమచేతిలో చిన్న కుండ, చెవులకి బరువైన పోగులు, నడుముకి పల్చటి గుడ్డ. కుడిచేతిలో ఒక జంతువుని వెనక్కాళ్లు పట్టి, తల కిందికి వేలాడేట్టు పట్టుకున్నాడు. నేను "జింక" అని రాశాను. శివుడి చేతిలో జింక ఉంటుందని క్యాలెండరులో చూసి ఉన్నాను కదా!

అందరం మండపంలో కూర్చున్నాక ఒక్కొక్కరం చదివాం. నా వంతు రాగానే వెనకనుంచి, గొర్రెలు కాసి బడికొచ్చే మనవాడు (పేరు రాయొద్దన్నాడు, కానీ మీకందరికీ తెలుసు) లేచాడు. "జింక కాదు సార్, పొట్టేలు. కొమ్ములు ఎట్ల తిరిగినాయో చూడండి. కోసేదానికి తీసుకపోయేటప్పుడు మేం అట్లనే పట్టుకుంటాం" అన్నాడు. గుళ్లో ఆ మాటేంటని ముందు వరసలో ఇద్దరు చెవులు మూసుకున్నారు. "అయితే ఈయన కన్నప్పా సార్?" అని ఇంకొకరు. కాళహస్తి చుట్టుపక్కల పుట్టినవాళ్లకి వేటగాడంటే కన్నప్ప తప్ప ఎవరు గుర్తొస్తారు?

సార్ నవ్వి, పొట్టేలేనని ఒప్పుకున్నారు. ఆ తర్వాత అసలు సంగతి చెప్పడం మొదలుపెట్టారు. ఈ లింగాన్ని 1911లో పురావస్తు పండితుడు టి.ఏ. గోపీనాథరావు గారు పరిశీలించి లోకానికి తెలిసేట్టు రాశారని, 1973లో పురావస్తు శాస్త్రవేత్త ఐ.కె. శర్మ గారి ఆధ్వర్యంలో ఇక్కడ తవ్వకాలు జరిగాయని చెప్పారు. తవ్వితే పాత ఇటుకల కట్టడం ఆనవాళ్లు బయటపడ్డాయట. ఇది ఏ శతాబ్దానిదన్న దానిమీద పండితుల్లో వాదం ఉంది కానీ, ఎక్కువమంది క్రీస్తుకు పూర్వం రెండు, ఒకటి శతాబ్దాల దగ్గరే ఆగుతారు. మన దేశంలో దొరికిన అతి పాత లింగాల్లో ఇదొకటి. లింగం మీది మనిషి ఒంటిమీద జంధ్యం లేదన్నది కూడా సార్ చెప్పాకే చూశాం.

లింగం చుట్టూ ఉన్న రాతి కంచె చూపించి, అమరావతి స్తూపం చుట్టూ కూడా ఇలాంటిదే ఉండేదని అన్నారు. బయటికి తీసుకుపోయి గుడి వెనకవైపు చూపించారు. గుండ్రంగా, ఏనుగు వీపులా ఉంటుంది. అందుకే గజపృష్ఠం అంటారట. ఇప్పుడున్న రాతికట్టడం మాత్రం చోళుల నాటిది, 12వ శతాబ్దంలో విక్రమచోళుడి కాలంలో కట్టింది. గోడలమీద శాసనాలు తమిళంలో ఉన్నాయి. ఇంట్లో తమిళం మాట్లాడే మన స్నేహితురాలు రెండక్షరాలు కూడబలుక్కుని చదివి, ఆ రోజంతా మహారాణిలా తిరిగింది.

అర్చకస్వామి కథ వేరు. పరశురాముడు ఇక్కడ రోజుకొక్క పువ్వు పూసే కొలను తవ్వి శివపూజ చేసేవాడట. కాపలాకి చిత్రసేనుడనే యక్షుడు. వాడికి కూలిగా రోజూ ఒక వేటజంతువు, ఒక కల్లుకుండ. ఒకరోజు ఆ యక్షుడే పువ్వు కోసి పూజ చేసేశాడు. ఇద్దరికీ కొట్లాట. యుద్ధంలో నేల పల్లమైంది కాబట్టి గుడిపల్లం, అదే గుడిమల్లం. అరవై ఏళ్లకోసారి గర్భగుడిలో నీళ్లు పొంగుతాయని కూడా స్వామి చెప్పారు. 2005 డిసెంబరులో నీళ్లొచ్చాయని మా తమ్ముడు ఫోన్ చేసినప్పుడు ఆ మాట గుర్తొచ్చింది. పొట్టేలుకీ కుండకీ ఈ కథలో లెక్క కుదిరినంత బాగా ఇంకెక్కడా కుదరదని నాకు ఇప్పటికీ అనిపిస్తుంది. సార్ కూడా దాన్ని కాదనలేదు. "ఇదీ రాసుకోండి" అన్నారు.

మధ్యాహ్నం స్వర్ణముఖి ఇసుకలో కూర్చుని చిత్రాన్నం తిన్నాం. ఎవరి డబ్బాలో ఎవరు చెయ్యి పెట్టారో ఇక్కడ రాస్తే కొత్త తగాదాలు.

సోమవారం నోట్సులు తిరిగొచ్చాయి. నాకేమో మంచి మార్కులొస్తాయని నమ్మకం. గొడ్డలి, కుండ, పోగులు, దిద్దుకున్న పొట్టేలు, అన్నీ వేశాను. చూస్తే ఎర్ర సిరా. పాదాలు వేసి, కింద అడ్డంగా గీత గీసి వదిలేశాను. పూలు కుప్పగా ఉండటం వల్ల నాకు కనబడలేదని అడిగితే చెప్పేదాన్నే. సార్ అడగలేదు, నేను చెప్పలేదు. 2011లో ఆయన పోయారు.

పోయిన ఏడాది తిరుపతిలో పెళ్లికొచ్చి, పొద్దున్నే ఆటో మాట్లాడుకుని మా అమ్మాయితో గుడిమల్లం వెళ్లాను. ఇప్పుడు లైటు ఉంది. పూలూ ఉన్నాయి. "స్వామీ, కింద ఏముందో ఒకసారి చూపిస్తారా" అని అడిగాను. అర్చకుడు కుర్రవాడు. ఏమీ అడక్కుండా పూలు పక్కకి జరిపి హారతి కిందికి దించాడు. ఒక మరుగుజ్జు. మోకాళ్లు మడిచి కూర్చుని, రెండు భుజాలమీద ఆయన రెండు పాదాల్నీ మోస్తున్నాడు. అంత బరువు మోస్తున్నా మొహంలో కష్టం లేదు. నవ్వుతున్నట్టే ఉన్నాడు.

బయటికొచ్చి, గొర్రెలు కాసిన మనవాడికి ఫోన్ చేశాను. ఇప్పుడు వాడికి మూడు వందల గొర్రెలు, ఇద్దరు మనవలు. కాళ్ల కింద ఎవరున్నారో చెప్పబోయాను.

"అదుండనీలేమ్మా," అన్నాడు. "పొట్టేలు కొమ్ములు ఈసారన్నా సరిగ్గా చూసినావా?"