వ్యాన్ వెనక డబ్బా: ముందు బరువు లెక్క, తర్వాతే వెల్డింగ్

మా క్యాంపర్ వ్యాన్ (లోపలే పడుకునేలా మార్చుకున్న బండి) వెనక నేను కట్టించిన సామాన్ల డబ్బా చూసినవాళ్ళు ముందుగా అడిగేది, ఏ రేకు వాడానని. రేకు సంగతి చివర్లో చూసుకోవచ్చు. ముందు తేల్చుకోవాల్సింది అందులో ఏం పెడతామనేది. దానికంటే ముందు, ఏం పెట్టకూడదనేది.

మా ఆయన జాబితాలో నీళ్ళ క్యాన్లు, పనిముట్ల పెట్టె, రెండో బ్యాటరీ, గ్యాస్ సిలిండర్ ఉన్నాయి. లోపల చోటు ఖాళీ అవుతుందని ఆయన ఆశ. అన్నీ కొట్టేశాను. 20 లీటర్ల నీళ్ళంటే 20 కిలోలు, క్యాన్ బరువు అదనం. వంటగ్యాస్ గాలికంటే బరువు కాబట్టి, లీకైతే మూసి ఉన్న డబ్బా అడుగున పేరుకుంటుంది. సైలెన్సర్ గొట్టం చూస్తే ఆ పక్కనే. వెనక నుంచి ఎవరైనా గుద్దితే మొదట నలిగేదీ ఆ డబ్బాయే. చివరికి మిగిలినవి మడత కుర్చీలు, రబ్బరు పైపు, చక్రాల కింద పెట్టే దిమ్మలు, టార్పాలిన్, బురద బూట్లు. అన్నీ తేలికవి, మురికివి, చోటు తినేవి. ఎవరైనా ఎత్తుకుపోయినా ఏడవక్కర్లేదు.

ఇంత పట్టుదల ఎందుకంటే, వెనక ఇరుసు దాటి వేలాడే బరువు దాని సొంత బరువుతో సరిపెట్టుకోదు. గడ్డపారతో బండరాయిని లేపినట్టు, వెనక ఇరుసు ఆనికగా బండి ముందు భాగాన్ని పైకి లేపుతుంది. మా వ్యాన్‌కి రెండు ఇరుసుల మధ్య దూరం 3.6 మీటర్లు. డబ్బా నడిమధ్య వెనక ఇరుసుకి 1.5 మీటర్ల అవతల పడుతుంది. అక్కడ 60 కిలోలు పెడితే ముందు ఇరుసు మీద 60 × 1.5 ÷ 3.6, అంటే 25 కిలోలు తగ్గుతాయి. ఆ 25 కూడా వెనక్కే వచ్చి చేరుతుంది కాబట్టి వెనక ఇరుసు మీద పెరిగేది 85 కిలోలు. స్టీరింగ్‌తో తిరిగేవీ, బ్రేకు వేసినప్పుడు ఎక్కువ పని చేసేవీ ముందు చక్రాలే. ఇంజన్ తిప్పేది కూడా ముందు చక్రాలనే అయితే, తడి మట్టిలో ఎత్తు ఎక్కేటప్పుడు ఈ తేడా బాగా తెలుస్తుంది.

అందుకే వేబ్రిడ్జి మీద ముందు చక్రాలు విడిగా, వెనక చక్రాలు విడిగా తూయించాను. ఆ అంకెల్ని బండికి కంపెనీ బిగించిన బరువుల ప్లేటు మీద ఉన్న ఇరుసు పరిమితులతో పోల్చుకున్నాకే ఇనుము కోయించాను. మొత్తం బరువు పరిమితిలో ఉంటే చాలని చాలామంది అనుకుంటారు. మొత్తం బాగానే ఉండి, వెనక ఇరుసు ఒక్కటే హద్దు దాటే అవకాశం ఉంది. క్యాంపర్లలో మంచం కింద సామానంతా ఎలాగూ వెనకే ఉంటుంది కదా.

తగిలించడానికి మూడు దారులున్నాయి. తలుపుకే బిగించడం తేలిక. కానీ ఆ కబ్జాలు (తలుపు తిరిగే బందులు) తలుపు బరువుకి చేసినవి, గుంతల్లో ఎగిరిపడే డబ్బాకి కాదు. ట్రైలర్ లాగే కొక్కేనికి తగిలించవచ్చు. అయితే దాని మీద రాసి ఉండే బరువు పరిమితి సరిగ్గా దాని కొసనున్న బంతి మీద పడే బరువుకి. డబ్బా బరువు బంతికి ఇంకా వెనకగా ఉండి దాన్ని కిందికి మెలిపెడుతుంది. నేను ఎంచుకున్నది మూడోది. చాసిస్‌కి, అంటే బండి అడుగు చట్రానికి, ఒక ఫ్రేమ్ బిగించి, దాని మీద పక్కకి తిరిగే చేయి, ఆ చేతి మీద డబ్బా. చేయి తిప్పితే వెనక తలుపులు మామూలుగా తెరుచుకుంటాయి. వెనక తలుపు అత్యవసరంగా బయటపడే దారి కూడా, దాన్ని శాశ్వతంగా మూసేసే డిజైన్ ఎంత చౌకైనా నాకొద్దు.

చేయి తిరిగే చోట ట్రైలర్ చక్రాల్లో ఉండే హబ్బు (చక్రం తిరిగే నడిమి భాగం) నిలువుగా వాడాను. లోపల రెండు టేపర్ రోలర్ బేరింగులు, నిండా గ్రీజు. మామూలు కబ్జా పెడితే కొన్నాళ్ళకే అరిగి చేయి కిందికి వాలుతుంది. అసలు కిటుకు మాత్రం రెండో కొసన ఉంది. అక్కడ ఏటవాలుగా ఒక ఆనిక పెట్టించాం. చేయి మూసేటప్పుడు దాని మీదికి కొంచెం ఎక్కి కూర్చుంటుంది. గడియ పడ్డాక బరువు రెండు కొసలూ పంచుకుంటాయి. ఈ ఆనిక లేకపోతే ప్రయాణమంతా బరువు ఒక్క హబ్బు మీదే వేలాడుతుంది, గడగడమనే చప్పుడు అదనం. గుంతలో పడ్డప్పుడు 60 కిలోలు 60గా ఉండవు, నేను మూడు రెట్లు లెక్క వేసుకున్నాను. చాసిస్ దగ్గర బోల్టులన్నీ ఎం12 (12 మిల్లీమీటర్ల లావు), గ్రేడ్ 8.8 (గట్టి ఉక్కు), నైలాన్ రింగున్న నట్లు. ప్రతి నట్టు మీదా పెయింటుతో గీత గీశాను. గీత పక్కకి జరిగిందంటే నట్టు వదులైనట్టే. బండి మీద ఎక్కడా వెల్డింగ్ పెట్టనివ్వలేదు, కొలతలిచ్చి బయట చేయించి బోల్టులతో బిగించాం.

ఇప్పుడు రేకు. డబ్బా 120 × 40 × 50 సెంటీమీటర్లు, అంటే 240 లీటర్లు. 2 మిల్లీమీటర్ల అల్యూమినియం చదరపు మీటరుకి 5.4 కిలోలు. అన్ని పక్కలూ కలిపితే 14 కిలోల లోపే. బందులు, గడియలు, మూల పట్టీలతో 18 అయింది. ఇనుప ఫ్రేమ్, చేయి, హబ్బు కలిపి 25. ముందు లెక్కేసుకున్న 60లో ఇవి పోను మిగిలేది 17. అంటే 17 కిలోల సామాను మోయడానికి 43 కిలోల సరంజామా! మా వెల్డింగ్ ఆయన నవ్వాడు. నవ్వనీ, ఆ 17 కిలోలు లోపల మంచం కింద సగం చోటు తినేవి.

ఇనుము మీద అల్యూమినియం నేరుగా ఆనితే, నీళ్ళు, ముఖ్యంగా ఉప్పు తగిలినప్పుడు, అల్యూమినియం తినేసుకుపోతుంది. మధ్యలో రబ్బరు షీటు, బోల్టులకి నైలాన్ బుష్షులు వేశాం.

దుమ్ము సంగతి వేరే చెప్పాలి. వ్యాన్ వెనక బల్లపరుపుగా ఉంటుంది కాబట్టి నడుస్తున్నప్పుడు అక్కడ గాలి ఒత్తిడి తగ్గి, చక్రాలు లేపిన దుమ్ము, తుంపర్లు అన్నీ అటే లాక్కుంటుంది. బండిలో అంతకంటే మురికి చోటు ఉండదు. మూత చుట్టూ బోలుగా ఉండే ఈపీడీఎం (ఎండకీ వానకీ తట్టుకునే రకం) రబ్బరు బీడింగ్ వేశాను. గడియ బిగిస్తే అది మూడో వంతు వరకూ నలగాలి. నలగకపోతే దుమ్ము వస్తుంది, మరీ నలిగితే మళ్ళీ లేవదు. బీడింగ్ జాయింటు కిందివైపే ఉండాలి. అలాగని డబ్బాని పూర్తిగా గాలి చొరకుండా మూసినా తంటాయే. ఎండకి వేడెక్కిన డబ్బా మీద వాన పడితే లోపలి గాలి ఒక్కసారిగా ముడుచుకుంటుంది. అప్పుడు బీడింగ్ మీద నిలిచిన నీళ్ళని లోపలికి పీల్చేస్తుంది. అందుకని కిందికి తిరిగిన చిన్న గాలి గొట్టం, దానికి స్పాంజి ఫిల్టర్. అడుగున మూలల్లో నీళ్ళు పోయే రంధ్రాలు. మూత పై అంచున చిన్న చూరు.

నంబర్ ప్లేటు, దాని దీపం, బ్రేకు లైట్లు, ఇండికేటర్లు డబ్బా చాటున పడితే వాటిని డబ్బా మీదికి తేవాల్సిందే. బండి పొడవు పెంచడానికి ఎక్కడి నిబంధనలు అక్కడ ఉంటాయి, ముందే కనుక్కోండి. బరువుకి బండి వెనక భాగం కిందికి దిగడంతో హెడ్‌లైట్లు పైకి చూస్తాయి, వాటినీ సరిచేయించాలి. ఇక తోక పొడవు: ఇరుసుకి 1.4 మీటర్ల అవతల 45 సెంటీమీటర్ల ఎత్తున్న బంపర్ నేలకి రాసుకోకుండా దాదాపు 18 డిగ్రీల వాలు తట్టుకుంటే, అదే ఎత్తులో ఇంకో 40 సెంటీమీటర్లు పెంచితే అది 14కి పడిపోతుంది. అందుకే డబ్బా అడుగుని బంపర్ కంటే పైకి లేపి కట్టించాను.

ఇంకా మిగిలింది రివర్స్ కెమెరా. ఇప్పుడు దానికి డబ్బా వీపు తప్ప ఏమీ కనబడదు. మూత పైకి మార్చాలి, చేయి తిరిగే చోట వైరు ఒరుసుకోకుండా కాస్త వదులు ఉంచాలి. అప్పటిదాకా వెనక్కి తీసేటప్పుడు మా ఆయన దిగి చెయ్యూపుతారు, పనిముట్ల పెట్టె గురించి ఇంకోసారి అడుగుతూ.