ఆ రాత్రి కేస్ షీట్‌లో ఏమీ లేదు

మా పింకీ పొమెరేనియన్ కుక్క. వయసు ఎనిమిదేళ్లు, బరువు ఏడు కిలోలు. గర్భసంచిలో చీము పట్టిందని, వెంటనే ఆపరేషన్ చేయాలని ఒక ప్రైవేట్ పెట్ క్లినిక్‌లో చెప్పారు. ఆ సాయంత్రమే చేశారు. మర్నాడు తెల్లవారేసరికి అది లేదు. ఆ తర్వాత ఎవరిని ఏం అడగాలో, ఏది ముందు చేయాలో తెలియక నేను పడ్డ తిప్పలు ఇవి.

ఈ జబ్బు పేరు పయోమెట్రా. పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయించని ఆడకుక్కలకు, అదీ కాస్త వయసు వచ్చాక, ఎదకొచ్చి వెళ్లిన కొన్ని వారాల్లో వస్తుంది. చీము బయటికి కారితే ఇంట్లోవాళ్లకు తొందరగా తెలుస్తుంది. పింకీకి గర్భసంచి ద్వారం మూసుకుపోవడంతో బయటికి ఏమీ కనపడలేదు. అన్నం మానేసి, గిన్నెల కొద్దీ నీళ్లు తాగి, వాంతులు మొదలుపెట్టింది. అదే రోజు తీసుకెళ్తే స్కాన్‌లో బయటపడింది. అప్పటికే రక్తంలో క్రియాటినిన్ పెరిగి ఉంది, అంటే విషం కిడ్నీల దాకా వెళ్లిందన్నమాట.

ఆపరేషన్ చేయాలన్న నిర్ణయం మీద నాకు ఇప్పటికీ అనుమానం లేదు. ఆ దశలో గర్భసంచి తీసేయడమే సరైన వైద్యం. ప్రాణానికి రిస్క్ ఉందని డాక్టర్ గారు చెప్పారు, ఒప్పుకుని సంతకం పెట్టాను. ఆపరేషన్ బాగా జరిగిందన్నారు. మత్తు దిగాక నాన్న గొంతు విని తోక కూడా ఆడించింది. "రాత్రికి అబ్జర్వేషన్‌లో పెడతాం, మీరు టెన్షన్ పడకుండా ఇంటికెళ్లండి" అన్నారు. క్లినిక్ బోర్డు మీద "24 గంటలు" అని పెద్దక్షరాల్లో ఉంది. పడుకునే ముందు ఫోన్ చేస్తే అక్కడి హెల్పర్ అబ్బాయి "బాగానే ఉంది మేడమ్, నిద్రపోతోంది" అన్నాడు. పొద్దున ఆరు దాటాక వాళ్లే ఫోన్ చేశారు.

ఎప్పుడు పోయిందని అడిగాను. తెల్లవారుజామున అన్నారు. ఎన్నింటికని అడిగితే ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. డాక్టర్ గారు వచ్చి, "ముందే స్టెరిలైజేషన్ చేయించి ఉంటే అసలు ఈ జబ్బే వచ్చేది కాదమ్మా" అన్నారు. ఆ మాట నిజమే. కానీ నేనడిగింది రాత్రి ఏం జరిగిందని. మిగతా బిల్లు కట్టాకే పింకీని అట్టపెట్టెలో పెట్టి చేతికిచ్చారు. నాన్న ఆ పెట్టె పట్టుకుని ఆటో ఎక్కారు, దారంతా ఒక్క మాట మాట్లాడలేదు.

నాన్న నేరుగా హైదరాబాద్‌ ఫతుల్లాగూడలో జంతువుల దహనవాటికకు తీసుకెళ్దామన్నారు. కోరుట్లలో వెటర్నరీ చదువుతున్న మా పిన్ని కొడుకు ఫోన్‌లో ఆపాడు. "అక్కా, దహనం చేస్తే ఇంకెవరూ ఏమీ చెప్పలేరు. పోస్ట్‌మార్టం చేయించు. ఫ్రీజర్‌లో పెట్టొద్దు, గడ్డకడితే కణజాలం పాడైపోతుంది. చుట్టూ ఐస్ పెట్టి ఎంత తొందరగా వీలైతే అంత తొందరగా తీసుకెళ్లు" అన్నాడు. మే నెల ఎండ. ఐస్ సర్ది, ఎల్బీనగర్ మీదుగా ఆరాంఘర్ దాటి రాజేంద్రనగర్ వెటర్నరీ కాలేజీకి వెళ్లాం. నాన్న లోపలికి రాలేదు. "మళ్లీ కోస్తారా దాన్ని?" అని ఒక్కటే అడిగారు. ఆ ప్రశ్నకు నా దగ్గర ఇప్పటికీ జవాబు లేదు. చేయించడం మాత్రం అవసరమే అనుకుంటాను.

రిపోర్టులో కడుపులో రక్తం లేదు. అంటే లోపల కట్టిన కుట్టు జారిపోలేదు, ఆపరేషన్ చేసిన చేతిది తప్పు కాదు. కిడ్నీలు దెబ్బతిన్నాయి. ఊపిరితిత్తుల నిండా నీరు ఉంది. ఆ నీరు ఇన్ఫెక్షన్ వల్లా రావచ్చు, సెలైన్ కొలతకు మించి ఎక్కినా రావచ్చు, శవాన్ని చూసి ఏదని కచ్చితంగా చెప్పలేమని అక్కడి డాక్టర్ ఓపిగ్గా వివరించారు. ఏడు కిలోల కుక్కకు మామూలుగా గంటకు ఇరవై మిల్లీలీటర్ల లోపే సెలైన్ సరిపోతుంది, జబ్బును బట్టి పెంచినా పక్కన ఒకరు చూస్తూ ఉండాలి. అరలీటరు బాటిల్ తగిలించి వెళ్లిపోతే ఏమవుతుందో ఎవరైనా లెక్క కట్టగలరు. కాబట్టి కేస్ షీట్ కావాలి.

నోటితో అడిగితే డాక్టర్ గారు లేరన్నారు, ఇంకోసారి సిస్టమ్ పనిచేయట్లేదన్నారు. చివరికి ఒక తెల్లకాగితం మీద ఏమేం కావాలో రాసి (కేస్ షీట్, మత్తుమందు వివరాలు, రాత్రి రాసిన నోట్స్, ఇచ్చిన మందులు) రసీదు వచ్చేలా రిజిస్టర్డ్ పోస్టులో పంపాను. అప్పుడు కదిలారు. వచ్చిన షీట్‌లో రాత్రి తొమ్మిదిన్నరకు టెంపరేచర్, పక్కన ఆర్ఎల్ 500 (అంటే రింగర్ లాక్టేట్ అనే సెలైన్ అరలీటరు). ఆ తర్వాత "పొద్దున 6: చనిపోయింది." మధ్యలో తెల్లకాగితమే. చిగుళ్ల రంగు, మూత్రం, ఊపిరి ఒక్కసారి కూడా ఎవరూ రాయలేదు.

"కుక్క కోసం ఇంత రచ్చ అవసరమా" అన్న చుట్టాలకు ఆ షీట్ చూపించడం మానేశాను. చూసినా వాళ్లకేం అర్థం కాదు.

షీట్, రిపోర్టు, బిల్లులు జతచేసి రాష్ట్ర వెటర్నరీ కౌన్సిల్‌కు ఫిర్యాదు ఇచ్చాను. 1984 నాటి చట్టం కింద వెటర్నరీ డాక్టర్ల రిజిస్ట్రేషన్ చూసేది ఈ కౌన్సిలే. డాక్టర్ ప్రవర్తన మీద విచారించగలరు కానీ నష్టపరిహారం ఇప్పించే అధికారం వాళ్లకు లేదు. ఇది ముందే తెలుసుకుని వెళ్తే మంచిది. అక్కడ నాకు దొరికింది ఒక్క వాక్యం, డాక్టర్ గారి లిఖిత వివరణలో: ఆ రాత్రి డ్యూటీలో డాక్టర్ లేరు, శిక్షణ పొందిన సహాయకుడు ఉన్నాడు. శిక్షణ ఎక్కడిదో రాయలేదు.

డాక్టర్ ఉన్నా పింకీ బతికేదని నేను అనడం లేదు. కిడ్నీలు ఆ స్థితిలో ఉంటే దక్కకపోయేదేమో. కానీ నేను సంతకం పెట్టింది ఆపరేషన్‌లో ఉండే రిస్క్‌కు. రాత్రంతా దాన్ని ఒక కుర్రాడికి వదిలేసి వెళ్తామని ఆ కాగితంలో లేదు. ఆ మాట సాయంత్రమే చెప్పి ఉంటే రాత్రి డాక్టర్ ఉండే చోటు వెతికేవాళ్లం, దొరక్కపోతే నేనూ నాన్నా అక్కడే బెంచీ మీద కూర్చునేవాళ్లం.

ఇప్పుడు జిల్లా వినియోగదారుల కమిషన్‌కు ఈ-జాగృతి అనే ఆన్‌లైన్ పోర్టల్‌లో ఫిర్యాదు సిద్ధం చేస్తున్నాను. సంఘటన జరిగిన రెండేళ్ల లోపు వేయాలి, మనం కట్టిన బిల్లు ఐదు లక్షల లోపు అయితే ఫీజు లేదు, లాయర్ లేకుండా మనమే వాదించుకోవచ్చు. ఎంత అడుగుతున్నావని నాన్న అడిగారు. క్లినిక్ బిల్లు, పోస్ట్‌మార్టం ఖర్చు, మానసిక వేదనకు వాళ్లు ఎంత సరిపోతుందంటే అంత అన్నాను. రాత్రి డాక్టర్‌ను పెట్టేదాకా బోర్డు మీద "24 గంటలు" తీసేయాలని కూడా ఒక కోరిక రాశాను. నాన్న దాన్ని మొదటి నంబరుకు మార్చమన్నారు. మార్చాను.