పాత కంపెనీ 401కె డబ్బు మీ పేరున తీసుకోకండి

మొదటిసారి ఉద్యోగం మారినప్పుడు పాత 401కె ప్లాన్ (అమెరికాలో కంపెనీ ద్వారా రిటైర్మెంట్‌కు దాచుకునే ఖాతా) వాళ్లకు ఫోన్ చేస్తే, డబ్బు ఎవరి పేరున పంపమంటారు అని అడిగారు. నాకే పంపండి, నేనే ఐఆర్ఏ (మనమే సొంతంగా తెరుచుకునే రిటైర్మెంట్ ఖాతా) తెరిచి వేసుకుంటాను అన్నాను. ఖాతాలో 50 వేల డాలర్లున్నాయి, ఇంటికొచ్చిన చెక్కు మాత్రం 40 వేలకే ఉంది. రెండు రోజులు నిద్ర పట్టలేదు.

ఎవరూ మోసం చేయలేదు. రోలోవర్ చేయదగ్గ, అంటే ఇంకో రిటైర్మెంట్ ఖాతాకు మార్చుకోదగ్గ డబ్బును మన చేతికిస్తే 20 శాతం పట్టుకుని ఐఆర్ఎస్‌కు (అమెరికా పన్నుల శాఖ) కట్టాలని చట్టమే చెబుతోంది, మనం వద్దన్నా ప్లాన్ వాళ్లు ఆపలేరు. అసలు చిక్కు ఆ తర్వాత మొదలవుతుంది. చెక్కు అందిన 60 రోజుల్లోపు ఐఆర్ఏలో వేయాల్సింది వచ్చిన 40 వేలు కాదు, మొత్తం 50 వేలు. ఆ 10 వేలు మన జేబులోంచి తెచ్చి వేయాలి, పట్టుకున్న సొమ్ము మళ్లీ ట్యాక్స్ ఫైల్ చేసినప్పుడే లెక్కలోకొస్తుంది. వేయలేకపోతే ఆ 10 వేలు మనం వాడేసుకున్నట్టే, దానిమీద ఆదాయపన్ను, వయసు 59½ దాటకపోతే చాలావరకు ఇంకో 10 శాతం పెనాల్టీ కూడా. నేను అవసరానికని దాచుకున్నదంతా ఊడ్చి 52వ రోజున వేశాను. ఆ టెన్షన్ మీలో ఒక్కరికి తప్పినా నాకు చాలు.

అందుకే ఫోన్‌లో "డైరెక్ట్ రోలోవర్ కావాలి" అని మాత్రమే చెప్పండి. డబ్బు పాత ప్లాన్ నుంచి నేరుగా కొత్త కంపెనీ 401కెకి గానీ మీ ఐఆర్ఏకి గానీ వెళ్తుంది, 20 శాతం కోత ఉండదు. ఒక్కోసారి చెక్కు మీ ఇంటికే పోస్టులో వస్తుంది, కంగారు పడకండి, పేరు చూడండి. కొత్త సంస్థ పేరు రాసి, మీ కోసం అన్నట్టు ఎఫ్‌బీఓ అని పక్కన మీ పేరుంటే అది డైరెక్ట్ రోలోవరే. మామూలు 401కె సొమ్ము (పన్ను కట్టకముందే దాచింది) ట్రెడిషనల్ ఐఆర్ఏకి, రోత్ సొమ్ము (పన్ను కట్టాక దాచింది) రోత్ ఐఆర్ఏకి వెళ్లాలి, రెండూ ఉంటే రెండు ఖాతాలు ముందే తెరిచి పెట్టుకోండి.

అయితే ఐఆర్ఏకి మార్చడమే అందరికీ మంచిదని అనను. 55 ఏళ్లు నిండే సంవత్సరంలోగానీ ఆ తర్వాతగానీ ఉద్యోగం వదిలినవాళ్లు ఆ కంపెనీ 401కె నుంచి 10 శాతం పెనాల్టీ లేకుండా డబ్బు తీసుకోవచ్చు. ఐఆర్ఏకి మార్చేస్తే ఆ సౌకర్యం పోతుంది, మళ్లీ 59½ దాకా ఆగాల్సిందే. ఆ వయసులో లేఆఫ్ అయినవాళ్లకు ఇంటి ఖర్చు నడిచేది దానిమీదే కావచ్చు, తొందరపడి మార్చకండి.

401కె మీద లోన్ ఉంటే ముందు దాని సంగతి అడగండి. కట్టని బాకీని ప్లాన్ వాళ్లు మీ ఖాతాలోంచి తీసేసుకుంటే, అంత మొత్తం ఐఆర్ఏలో వేయడానికి ఆ ఏడాది ట్యాక్స్ రిటర్న్ గడువు దాకా, ఎక్స్‌టెన్షన్‌తో కలిపి, సమయం ఉంటుంది. ఖాతాలో 7,000 డాలర్లు దాటకపోతే మిమ్మల్ని అడక్కుండానే కంపెనీ దాన్ని బయటికి పంపేయొచ్చు, కాబట్టి ఇల్లు మారితే పాత ప్లాన్‌లో అడ్రస్ మార్చడం మర్చిపోవద్దు.

మరుసటి జనవరిలో, ఖాతాలోంచి డబ్బు బయటికి వెళ్లినట్టు చూపే 1099-ఆర్ ఫారం వస్తుంది. మామూలు 401కె సొమ్మును డైరెక్ట్ రోలోవర్ చేసి ఉంటే, ఏడో బాక్సులో జి అనే కోడ్, పన్ను పడే మొత్తం దగ్గర సున్నా ఉన్నాయో లేదో చూడండి. పన్ను లేకపోయినా దాన్ని రిటర్న్‌లో చూపించాలి.