రెండోసారి రాసిన గేట్: నా అనుభవం

ఎంటెక్ సీటు కోసం రాసే గేట్ పరీక్ష మొదటిసారి రాసినప్పుడు సివిల్ ఇంజినీరింగ్ సబ్జెక్టులన్నీ రెండుసార్లు తిరగేసి వెళ్లాను. చిక్కడపల్లి సిటీ సెంట్రల్ లైబ్రరీలో పొద్దున్నే సీటు పట్టుకుంటే సాయంత్రం దాకా లేచేవాణ్ణి కాదు. అయినా క్వాలిఫై కాలేదు.

లైబ్రరీలో నా పక్కన కూర్చునే ఒకన్న ఐఈఎస్‌కి, అంటే కేంద్ర ప్రభుత్వ ఇంజినీరు ఉద్యోగాల పరీక్షకి, చదివేవాడు. "ఏడ్చింది చాలు తమ్ముడూ, రెస్పాన్స్ షీట్ ప్రింట్ తీసుకురా, లెక్క చూద్దాం" అన్నాడు. పరీక్షలో నేను పెట్టిన జవాబులన్నీ ఉండే కాగితం అది. బయట టీ బండి దగ్గర నిలబడి ఆన్సర్ కీతో ఒక్కొక్కటే టిక్కులు పెట్టుకుంటూ పోయాం. ఆప్షన్లలో ఒకటి ఎంచుకునే రెండు మార్కుల ఎంసీక్యూల్లో తొమ్మిది తప్పులు. ఒక్కోదానికి మూడింట రెండు వంతుల మార్కు కోత కాబట్టి మొత్తం ఆరు మార్కులు పోయాయి. అన్నీ చివరి పది నిమిషాల్లో గుడ్డిగా పెట్టినవే. జవాబు అంకెల్లో ఇవ్వాల్సిన, నెగెటివ్ మార్కులే లేని న్యూమరికల్ ప్రశ్నలు మాత్రం ఆరు ఖాళీగా వదిలేశాను! కడుపు తరుక్కుపోయింది.

టైమ్ ఎందుకు చాలలేదో ఆ రాత్రి అర్థమైంది. ఇంట్లో ఎప్పుడూ నా సొంత కాలిక్యులేటర్‌తోనే లెక్కలు చేశాను. హాల్లో తెర మీద ఉన్నదే వాడాలి, అదీ మౌస్‌తో. జవాబు అంకెలు కూడా మౌస్‌తోనే నొక్కాలి. హైడ్రాలిక్ జంప్ లెక్క తీసుకోండి. వేగంగా పారే నీళ్లు ఒక్కసారిగా నెమ్మదించి పైకి లేస్తే, ఆ తర్వాతి లోతు ఎంతో కనుక్కోవాలి. ప్రవాహం ఎంత జోరుగా ఉందో చెప్పే ఫ్రౌడ్ నంబర్ 3, మొదటి లోతు 0.4 మీటర్లు. 73కి వర్గమూలం తీసి, ఒకటి తీసేసి, సగం చేసి, 0.4తో గుణిస్తే 1.51 మీటర్లు. నా కాలిక్యులేటర్ మీద నిమిషం పట్టని ఆ లెక్కకు తెర మీద తడుముకుంటూ మూడు నిమిషాలు తీసుకునేవాణ్ణి. 65 ప్రశ్నలకు ఉండేది మూడు గంటలే. మర్నాటి నుంచే నా కాలిక్యులేటర్ బీరువాలో పెట్టేశాను.

రెండో ఏడాది కొత్త పుస్తకం ఒక్కటి కూడా కొనలేదు. పాత పేపర్లు టైమ్ పెట్టుకుని రాయడం, తప్పుల్ని ఒక నోట్‌బుక్‌లో రాసుకోవడం, అంతే. ఆప్టిట్యూడ్‌కు 15, మ్యాథ్స్‌కు 13, కలిపి 28 మార్కులు. మొదటిసారి వాటిని అసలు పట్టించుకోలేదు. ఈసారి రోజూ ఒక గంట వాటికే ఇచ్చాను. నోట్‌బుక్‌లో ఎక్కువసార్లు కనిపించిన తప్పు యూనిట్లది. సెంటీమీటర్లను మీటర్లలోకి మార్చకుండా వేసేయడం. నా మీద నాకే కోపం వచ్చేది.

ఈసారి మంచి స్కోరే వచ్చింది. కానీ అక్కడా ఒక గండం తప్పింది. ఐఐటీల ఎంటెక్ సీట్ల ఆఫర్లు వచ్చే కోప్ (COAP) వెబ్‌సైట్‌లో రిజిస్టర్ చేసుకుంటే ఐఐటీలన్నిటికీ అప్లై చేసినట్టే అనుకున్నాను. కాదట, ఒక్కో ఐఐటీకి విడిగా అప్లికేషన్ పెట్టాలి. కోప్‌లో కనిపించేవి ఆఫర్లే. ఎన్‌ఐటీలకు సీసీఎంటీ (CCMT) అనే కౌన్సెలింగ్ వేరే. ఆఖరి తేదీకి రెండు రోజుల ముందు ఆ అన్నే అడిగి గుర్తు చేశాడు.

సీటు వచ్చిన రోజు ఆర్టీసీ క్రాస్‌రోడ్స్‌లో బస్సు కోసం నిలబడి నాన్నకు ఫోన్ చేశాను. "ఇంకో రెండేళ్లు ఖర్చులకు ఎట్లారా?" అన్నాడు. "నెలకు 12,400 స్టైపెండ్ వాళ్లే ఇస్తారు నాన్నా" అన్నాను. కాసేపు అటునుంచి మాట లేదు. తర్వాత అమ్మను పిలవడం వినిపించింది.